పోగు కొరకలేని పిల్లలు

ఈ పాపం మీది. పత్తి లారీ వస్తే గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, చంటిబిడ్డ ఏడిస్తే బీగం వేసే మిల్లు యజమానులారా, మీది. ఏడాదికోసారి జీపులో వచ్చి, ఆఫీసు గదిలో టీ తాగి, అంతా బాగుందని రాసిపోయే అధికారులారా, మీది కూడా. తల్లిపాల వారోత్సవమని బ్యానరు కట్టి ఫోటో దిగినారే, ఆ బ్యానరు కిందనుంచే రవికెలు తడిసిన తల్లులు మిల్లులోకి పోయినారు. మీకు కనబడలేదు. పిల్లల నోళ్లు చెడగొట్టింది ఎవరంటే ఇప్పుడు అందరూ అంజినమ్మను చూపిస్తారు. నిజమే, చేసింది ఆ చేతులే. ఆ చేతులు ఎందుకు చేసినాయో వినండి. తీర్పు తర్వాత చెబుదురుగాని.

అంజినమ్మది ఎమ్మిగనూరు. ఇంట్లో సగం గుంత మగ్గమే. మొగుడు నీలకంఠం ఆ గుంతలో కాళ్లు పెట్టి నలభై ఏళ్లయింది. కొడుకు ప్రకాష్ మగ్గం మీద ఆశ చచ్చి బెంగళూరుకు సెంట్రింగు పనికి పోయినాడు. కోడలు పద్మ ఆదోని రోడ్డులో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుకు పోతుంది. తెల్లారి ఆటో ఎక్కితే పొద్దుగూకినాక దిగుతుంది. ఆమెతోపాటు అంజినమ్మా ఎక్కుతుంది. అంజినమ్మకు మిల్లులో పని లేదు. మిల్లు గేటు బయట పని.

ఆ పని ఏమంటే, పిల్లల్ని ఏడవకుండా ఉంచడం. సాకడం కాదు, ఆడించడం కాదు. ఏడవకుండా ఉంచడం, అంతే. గేటు పక్క రేకుల షెడ్డు కింద నాలుగైదు చీర ఉయ్యాలలు వేలాడతాయి. లోపల మిషన్లు ఆగినప్పుడు ఏ బిడ్డ ఏడుపైనా వినపడిందా, ఆ బిడ్డ తల్లి చేతులు ఆగుతాయి. చేతులు ఆగితే మేస్త్రి రంగప్ప వస్తాడు. "నీ బిడ్డ పిలుస్తాండాది, పోమ్మా" అంటాడు, ఎంతో మంచిగా. ఆమె గేటు దాటితే ఆ పూటకు మళ్లీ లోపలికి రానీడు. మూడుసార్లు దాటితే ఇంక రావద్దంటాడు. అందుకని తల్లులు పొద్దున ఒకసారి పాలిచ్చి లోపలికి పోతే, మళ్లీ బిడ్డను ముట్టేది సాయంత్రమే. ఆ మధ్యలో ఉండేదంతా అంజినమ్మ. దానికి తల్లులు ఒకరు ఇంత జొన్నపిండి ఇస్తారు, ఒకరు ఇంత పప్పు ఇస్తారు.

ఇంత పొడుగు పగలు ఏడవకుండా బిడ్డ ఎట్లుంటుంది? అంజినమ్మ అమ్మ కాలం నుంచీ ఒక ఉపాయం ఉంది. నేత ఇండ్లలో తల్లి నూలు కండెలు చుట్టేటప్పుడు బిడ్డ గోల చేస్తే, పాత పంచె గుడ్డలో ఇంత దూది చుట్టి, బొటనవేలంత ఉండ కట్టి, బెల్లం నీళ్లలో ముంచి నోట్లో పెట్టేవాళ్లు. బిడ్డ చీకుతా ఉంటే నాలుగు కండెలు అయిపోయేవి. అప్పుడు ఆ గుడ్డ తీసి పారేసి, తల్లి రొమ్మిచ్చేది. నాలుగు కండెల సేపు, అంతే. అదే బెల్లం దూదిని అంజినమ్మ మిల్లుకు తెచ్చింది. కానీ మిల్లుకు నాలుగు కండెల లెక్క తెలియదు. మిషను తిరిగినంత సేపూ బిడ్డ చీకాల్సిందే. ఎండితే మళ్లీ ముంచాల. నలిగితే మళ్లీ చుట్టాల. దూది ఎట్లాగూ గేటు కాడే రాలి ఉంటుంది. ఆ పత్తి మీద ఎన్ని మందులు కొట్టినారో ఆ దేవునికే తెలుసు.

ఆరు సీజన్లు అట్ల గడిచినాయి. "అంజినమ్మవ్వ చెయ్యి చల్లని చెయ్యి. ఒక్క బిడ్డ కుయ్యిమనదు" అని ఆడవాళ్లు చెప్పుకున్నారు. ఆమె ఆ మాట విని మురిసిపోయింది కూడా.

ఒకరోజు మిల్లులో బెల్టు తెగి పని లేకపోయింది. అంజినమ్మ ఇంటికాడే ఉంది. మనవరాలు మల్లేశ్వరి మగ్గం గుంత అంచున కూర్చుని కాళ్లు ఊపుతా ఉంది. ఐదేళ్ల పిల్ల. పడుగులో ఒక పోగు తెగింది. నీలకంఠం దాన్ని అతికి ముడి వేసినాడు. ముడి వేసినాక మిగిలిన కొసను నేతగాడు ముందరి పళ్లతో పుటుక్కున కొరుకుతాడు. ప్రతి పోగుకూ కత్తెర వెతుక్కునేవాడు చీర ఎప్పుడు దించుతాడు? నీలకంఠానికి ఇప్పుడు ముందర రెండే పళ్లు మిగిలినాయి.

"అమ్మీ మల్లీ, నా నోరు బోసిపోయె. నువ్వు కొరుకు ఈ కొస," అన్నాడు.

మల్లేశ్వరి ఉత్సాహంగా వంగి పోగు నోట్లో పెట్టుకుంది. కొరికింది. తల వెనక్కి లాగింది. పోగు తడిసి, తెగకుండా, అట్లనే బయటికొచ్చింది.

"ఏందే, నాకంటే ముసిల్దానివైతివా? గట్టిగా కరువు!"

మళ్లీ కరిచింది. మళ్లీ జారింది. మూడోసారి దవడ పళ్ల కిందికి తోసుకుని నమిలింది. పోగు నలిగి పీచయింది గానీ తెగలేదు. నీలకంఠం పకపకా నవ్వినాడు. పిల్ల కూడా నవ్వింది. అంజినమ్మ ఒక్కతే నవ్వలేదు.

"ఇట్ల రా. పళ్లు గట్టిగా కరువు. పెదాలు తెరువు."

పిల్ల ఈ అని చూపించింది. వెనక పళ్లు కలిసినాయి. ముందర పైపళ్లకూ కిందిపళ్లకూ నడుమ ఒక సందు. దవడ మూసే ఉంది, నోరు తెరిచే ఉంది. ఆ సందులోనుంచి నాలుక కొస తొంగి చూస్తా ఉంది. పైపళ్లు నాలుగూ మొదట్లో పుచ్చి, నల్లగా బెల్లం ముక్కల్లాగే ఉన్నాయి. అంజినమ్మ తన వేలు ఆ సందులో పెట్టింది. పంటికి తగలకుండా లోపలికి పోయింది.

ఆ సందు కొలత ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ లావు, ఆ గుండ్రం ఆమె వేళ్లకే తెలుసు. రోజూ చుట్టేదే. మూడేళ్లు దాటినా అది నోట్లో లేనిదే మల్లేశ్వరి నిద్రపోయేది కాదు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చినాయి. జొన్నరొట్టె ఎప్పుడూ కొరకదు, తుంచి పప్పులో నానబెట్టుకుని మింగుతుంది. "నకరాలు చేస్తాండావే" అని ఎన్నిసార్లు వీపు మీద వేసిందో. అంగన్‌వాడీలో పిల్లలు "నోరు మూయని మల్లి" అని గేలి చేస్తే, "మూసుకోరాదా మరి" అని తనే కసిరింది. మూసుకోవడానికి నోరు రాదని తెలియక.

"పాలపళ్లేగదా. ఊడిపోతాయిలే," అన్నాడు నీలకంఠం.

"పళ్లు ఊడతాయి. దవడ ఊడతాదా?" అనింది అంజినమ్మ.

మరుసటి రోజు నడుముకు ఒక నూలు కండె దోపుకుని ఆటో ఎక్కింది. మిల్లు కాడికి తల్లుల వెంట వచ్చే పెద్ద పిల్లలు ఏడుగురు. ఒక్కడు తప్ప అందరూ ఆమె ఉయ్యాలలో పెరిగినవాళ్లే. వాళ్లను వరసగా కూర్చోబెట్టింది.

"ఎవరు పోగు కొరికితే వాళ్లకు పిడికెడు సెనిక్కాయలు. రాండి!"

దేవనకొండ నుంచి వచ్చి పద్మతోపాటే మిల్లు ఆటో ఎక్కే మేరి కొడుకు ప్రదీప్ ముందు దూకినాడు. వాడికి నాలుగేళ్లు. కొరికినాడు, లాగినాడు, పోగు జారింది. తర్వాతి పిల్ల కొరికింది, జారింది. ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటా, "నాకియ్యి, నాకియ్యి" అని గుంజుకుంటా, ఏడుగురిలో ఆరుగురు పోగు తడిపినారు గానీ తెంచలేకపోయినారు. ఒకడు మూడోసారికి తెంపినాడు. వాడు వచ్చింది పోయిన సీజనులోనే.

అప్పుడు వాచ్‌మన్ తిమ్మన్న కూతురు వచ్చి పోగు పట్టుకుంది. పుటుక్కుమంది. పోగు రెండు ముక్కలు.

తిమ్మన్న పెండ్లాం మిల్లుకు పోదు. గేటు గదిలోనే కాపురం. బిడ్డ ఏడిస్తే ఎత్తుకుని రొమ్మిచ్చింది, అంతే. ఆ పిల్ల సెనిక్కాయలు పటపటా కొరికి తింటా ఉంటే మిగతావాళ్లు నోళ్లు తెరుచుకుని చూసినారు. అంజినమ్మ తలా పిడికెడు పెట్టింది. తన చేతుల్ని మాత్రం చీర కొంగుతో గట్టిగా తుడుచుకుంది. పోయే మరక కాదది.

మల్లేశ్వరిని చంకనేసుకుని ఆదోనిలో ఆస్పత్రికి పోయింది. పంటి డాక్టరమ్మ చిన్న వయసుది. పిల్ల నోట్లో లైటు వేసి చానాసేపు చూసింది.

"ఏం చీకుతుంది ఈ పాప?"

"బెల్లం దూది. నేనే పెట్టినాను," అనింది అంజినమ్మ. దాచలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అంజినమ్మకు తర్వాత అనిపించింది. బిడ్డ రొమ్ము చీకేటప్పుడు దవడ పని చేస్తుందంట. ఆ పనితోనే దవడ పెరుగుతుందంట. రోజంతా ఒక ఉండ నోట్లో కూర్చుంటే ముందర పళ్లు దాని చుట్టూ పెరుగుతాయి, పైదవడ ఇరుకై వెనక పళ్లు అడ్డదిడ్డంగా పడతాయంట. బెల్లం సంగతి సరేసరి.

"చీకడం పూర్తిగా మానితే ముందరి సందు కొంత తనంతట తనే తగ్గొచ్చు. ఇరుకైన దవడకు వైద్యం కావాలి. పుచ్చిన పళ్లు తిరిగి బాగుకావు. ఇంట్లో ఇంకా చిన్నబిడ్డ ఉన్నాడా?"

"మనవడు. ఐదు నెలలు."

"పళ్లు ఇంకా రాలేదుగా? వాడిని కాపాడుకోవచ్చు. అది మానిపించి, వాళ్లమ్మను మూడు గంటలకోసారి పాలు పట్టమనండి."

"గేటు తీయరమ్మా."

డాక్టరమ్మ మిల్లు సంగతంతా అడిగి తెలుసుకుంది. అర్థమైనాక ఒక కాగితం మీద, ఫలానా తల్లిని బిడ్డకు పాలిచ్చేందుకు వదలాలని రాసి సంతకం పెట్టిచ్చింది.

ఆ కాగితం తీసుకుని అంజినమ్మ రంగప్ప ముందర నిలబడింది. రంగప్ప తిరగేసి చూసి తిరిగిచ్చినాడు.

"ఏం అంజినమ్మా, డాక్టరైతివా ఏం? పొద్దున ఇస్తాంది, సాయంత్రం ఇస్తాంది. దూడకైనా రెండు పూటలే గదమ్మా!"

"దూడకు బెల్లం గుడ్డ పెడతావా అన్నా నువ్వు?"

"నేను పెట్టమన్నానా? నువ్వే పెడితివి. ఇన్నేండ్లు సల్లగా సూసుకుంటివి, ఇప్పుడేం రోగం? జల్దీ పో, ఉయ్యాల కాడ ఎవురో కదుల్తాండారు."

"పిల్లల గదుండాల గదా మిల్లులో? ఇంతమంది ఆడోళ్లుంటే?"

రంగప్ప నవ్వినాడు. "ఇంతమంది యాడుండారు? పుస్తకంలో ముప్పై మందే ఉండారు. ముప్పై దాటితే గదా గది."

లోపల అరవైమంది వంగి పని చేస్తా ఉన్నారు. పుస్తకంలో లేని ముప్పైమందిలో పద్మ ఒకతె, మేరి ఒకతె.

సాయంత్రం ఆటోలో పద్మ పక్కన కూర్చుంటే అంజినమ్మకు పుల్లటి వాసన కొట్టింది. కొత్త వాసన కాదు, ఇన్నాళ్లూ పట్టించుకోని వాసన. పద్మ రవికె తడిసి ఎండి, మళ్లీ తడిసి అట్టకట్టింది. తడిసినచోటంతా దూది అంటుకుని ఉంది.

"మధ్యాన్నం ఏం సేస్తావే పాలు?"

"దొడ్డి గోడకు పిండుతాను అత్తా," అనింది పద్మ, ఒళ్లో ఉన్న కొడుకు తల నిమురుతా. "లేకపోతే గడ్డకట్టి జొరమొస్తాది. నేనొక్కదాన్నే కాదు. ఆ గోడ కాడ చీమలు బారు కట్టుంటాయి."

చీమలకు దక్కినాయి ఆ పాలు. గేటుకు ఇరవై అడుగుల దూరంలో బిడ్డ దూదిని చీకినాడు.

మరునాడు అంజినమ్మ బెల్లం తేలేదు. గుడ్డా తేలేదు. ఆటోలోనే చెప్పింది. "ఈ పొద్దు నుంచి ఎవురికీ పెట్టను. మీ పిల్లలు ఏడుస్తారు. మీరే బయటికి రావాల."

మేరి కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఆమెకు ప్రదీప్ కాక మూడు నెలల ఆడబిడ్డ. "అట్లనొద్దు అంజినమ్మత్తా! మా ఇంటాయన ఇశ్రాయేలు నడుము విరిగి మంచం మీదుండాడు. నా పని పోతే పొయ్యి ఎలగదు. ఈ సీజను గడవనీ. దేవుడు పండ్లు మళ్లీ ఇస్తాడు."

"నీ ప్రదీపు పోగు కొరకలేకపాయె మేరీ. నవ్వినాడు వాడు, ఆటనుకుని. ఈ బిడ్డను కూడా అట్లనే చేయమంటావా నన్ను?"

"పండ్లు లేకున్నా బతుకుతారు. కూడు లేకుంటే బతుకుతారా?"

ఆ మాటకు జవాబు చెప్పాల్సినవాళ్లు ఆటోలో ఎక్కరు.

పొద్దు నెత్తికెక్కేసరికి పద్మ కొడుకు మొదలుపెట్టినాడు. వాడి ఏడుపుకు మేరి బిడ్డ లేచింది. తర్వాత ఇంకో ఇద్దరు. అంజినమ్మ ఉయ్యాలలు ఊపింది, భుజాన వేసుకుంది, చెంచా నీళ్లతో నోళ్లు తడిపింది. చేతులు అలవాటుకొద్దీ నేల మీద రాలిన దూది మీదికి పోతా ఉన్నాయి. ఒకసారి ఇంత దూది తీసి ఉండ చుట్టేసింది కూడా. చూసుకుని, పాము పిల్లను విసిరినట్టు విసిరికొట్టింది. నలుగురు బిడ్డల ముఖాలు కందిపోయినాయి. లోపల మిషన్ల హోరులో ఎవరికీ వినపడలేదు.

అప్పుడు కరెంటు పోయింది.

మిషన్లు ఒక్కసారిగా ఆగినాయి. ఆ నిశ్శబ్దంలోకి నలుగురు బిడ్డల ఏడుపు రాళ్లు విసిరినట్టు పోయి పడింది. పద్మ పరుగెత్తుకుంటా వచ్చింది. వెనకనే మేరి. ఇంకా ఇద్దరు. గేటుకు బీగం ఉంది. తాళంచెవి తిమ్మన్న చేతిలో ఉంది. రంగప్ప అడ్డం నిలబడినాడు.

"తెరుస్తాడు, తెరుస్తాడు. దాటినోళ్లు మళ్లీ రావొద్దు. కావల్సినోళ్లు పోండి."

ఎవరూ కదల్లేదు. మేరి కమ్మీలు పట్టుకుని అరిచింది. "అత్తా, పెట్టత్తా, నీ కాలు మొక్కుతా! ఈ ఒక్క పూటకు పెట్టు!"

అంజినమ్మ మేరి వైపు చూడలేకపోయింది. చూస్తే పెట్టేస్తుంది. మనవడిని ఎత్తుకుని గేటు దగ్గరికి పోయింది. కమ్మీల సందులో బిడ్డ ముఖం పట్టేంత చోటుంది. అక్కడ ఆనించి పట్టుకుంది. పద్మ ఒక్క క్షణం రంగప్పను చూసింది, అంతమంది మగవాళ్లను చూసింది. కొంగు కప్పుకుని లోపలి వైపు మోకాళ్ల మీద కూలబడింది. వాడు లటుక్కున అందుకున్నాడు.

ఏడుపు ఒకటి తగ్గింది.

అంజినమ్మ ఒక చేత్తో మనవడిని పట్టుకునే, రెండో చేత్తో నడుము నుంచి నూలు తీసి రంగప్ప ముందర చాచింది. "కొరుకప్పా. కొరుకు, సూద్దాం. తెగుతాదిలే నీకు. ఎందుకో తెల్సా? మీయమ్మ నీకు గేటు అడ్డం ల్యాకుండా పాలిచ్చింది."

రంగప్ప పోగు ముట్టలేదు. ముఖం తిప్పుకుని, "తెరువు తిమ్మన్నా, ఈ నలుగుర్నీ బయటికి తోయి," అన్నాడు. తిమ్మన్న తాళంచెవి పట్టుకుని అట్లనే నిలబడినాడు. చివరికి రంగప్పే గుంజుకుని తీసినాడు. పద్మ, మేరి, ఇంకో ఇద్దరూ బయటికొచ్చినారు. కరెంటు వచ్చింది. గేటు మూసుకుంది. మిషన్లు తిరిగినాయి.

మేరి బిడ్డకు పాలిస్తానే ఏడ్చింది. "నీ మనవడి నోరు నిలబెట్టుకుంటివి. మా ఇంట్లో నాలుగు నోళ్లు ఎండబెడితివి," అనింది. అంజినమ్మ తల వంచుకుని ఆ మాట పడింది.

మర్నాడు పొద్దున అంజినమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి గేటు ముందర కూర్చుంది, మనవడిని ఒళ్లో వేసుకుని. పద్మ పక్కన నిలబడింది. మేరి రాదనుకుంది. మేరి కూడా వచ్చింది, అవతల కూర్చుంది. కాసేపటికి కృష్ణగిరి వైపు నుంచి కొత్త ఆటో వచ్చి ఆగింది. కొత్త ఆడవాళ్లు నలుగురు దిగినారు. ఇద్దరి చంకల్లో బిడ్డలు. వాళ్ల వెనక ఒక ముసలామె దిగింది. ఆమె సంచిలో బెల్లం అచ్చు, పాత పంచె గుడ్డ.

అంజినమ్మ లేచి పోయి ఆ సంచి పట్టుకుంది. "నువ్వు పెట్టొద్దు సెల్లెలా. నేను పెట్టినాను. సూడు నా చేతులు." తర్వాత గేటు వైపు తిరిగి అరిచింది. రంగప్పకు కాదు. రంగప్ప ఎంత, వాడూ కూలోడే. లోపల ఏసీ గదిలో ఉండేవాళ్లకు, జీపులో వచ్చి పోయేవాళ్లకు వినపడాలని అరిచింది.

"గేటు తీయండి! మూడు గంటలకోసారి తల్లిని బిడ్డ కాడికి పంపండి, కూలి కొయ్యకుండా! పని చేసే ప్రతి ఆడమనిషి పేరూ పుస్తకంలో రాయండి! లోపల నీడుండే గది ఒకటియ్యండి, బిడ్డల్ని సూసేందుకు ఒక మనిషిని పెట్టండి! ఈ నలుగుర్నీ మళ్లీ పనిలోకి తీసుకోండి! మేం చెడగొట్టిన నోళ్లకు మీరు వైద్యం సేయించండి! మీటింగు పెట్టి సూస్తామనొద్దు. నా మనవనికి కింద చిగురు తెల్లబడతాంది. రేపో మాపో పన్నొస్తాది. అది మీ మీటింగు దాకా ఆగదు. ఈ పొద్దే తీయండి గేటు!"